ముందెక్కితే ముందు చేరతామా?

ఈసారి ఉత్తరాల్లో సగం విమానాల మీదే వచ్చాయి. మనకి దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ లేదు, దగదర్తిలో వస్తదని ఏళ్ళ తరబడి చెప్పుకోవడమే, అయినా జనం చెన్నైకో రేణిగుంటకో గన్నవరానికో పోయి ఎక్కుతానే ఉండారు. మూడు ప్రశ్నలు తీసుకున్నా, మూడూ ఒకే తీగకి కాసినవి.

ప్రశ్న: అక్కా, మాది కావలి. వచ్చే నెల మా తమ్ముడి గృహప్రవేశానికి ఢిల్లీ పోతా ఉండాం, చెన్నై నుంచి ఫ్లైట్. నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఆరేళ్ళ బాబు. టికెట్లు బుక్ చేస్తా ఉంటే చివర్లో ప్రయారిటీ బోర్డింగ్ అని మనిషికి ఐదొందల చిల్లర అడగతా ఉంది, నలుగురికీ కలిపి రెండు వేలు దాటతా ఉంది. మా ఆయన దండగ అంటాడు. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, లైన్లో నిలబడలేదు, బాబేమో కుదురుగా ఉండడు, ముందెక్కి కూర్చుంటే మంచిదే కదా అని నాకనిపిస్తా ఉంది. కట్టమంటారా వద్దంటారా?
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: వద్దు చెల్లీ, కట్టబాకండి. మీ అత్తమ్మ ముందెక్కాల్సిందే, దాంట్లో నువ్వన్నది కరెక్టే, కానీ దానికి రూపాయి కట్టే పనిలేదు, అదెట్టాగో చెప్తా.

అసలు మనకి ఈ ముందెక్కాలనే ఆత్రం ఎక్కడిదంటే ఆర్టీసీ బస్సు నేర్పిందే. రొట్టెల పండగప్పుడు నెల్లూరు బస్టాండులో చూసుంటావుగా, బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు పడిపోద్ది, ముందెక్కినోడికి సీటు, వెనకెక్కినోడికి కడ్డీ. విమానంలో సీటు నంబరు బోర్డింగ్ పాస్ మీద అచ్చయ్యుంటది, నువ్వు ఆఖర్న పోయినా నీ 17ఎఫ్ నీదే, ఎవరన్నా కూర్చున్నా లేపుతారు. అందుకని ఆ ఐదొందలకి నిజంగా దక్కేది ఏందయ్యా అంటే గేటు దగ్గర లైన్లో కాసేపు తక్కువ నిలబడ్డం, తల మీదుండే అరలో బ్యాగు పెట్టుకోను చోటు దొరకడం, అంతే. కొన్ని కంపెనీలు చెకిన్ కౌంటర్ కూడా వేరేది ఇస్తాయి, పండగ సీజన్లో పెద్ద పెట్టెలతో పోయేవాళ్ళకి బోర్డింగ్ కన్నా అదే కాస్త నయం.

అరలో చోటు సంగతి మాత్రం ఉత్తదేం కాదు. చెన్నై-ఢిల్లీ తిరిగే విమానంలో నూట ఎనభై మంది దాకా ఉంటారు, అందరి దగ్గరా ఏడు కేజీల ట్రాలీ ఉంటది, కొందరు ఏడని తెచ్చేది పదుంటది, ఆఖర్న ఎక్కినోళ్ళకి చోటు దొరక్క ఎయిర్ హోస్టెస్ ఆ అరా ఈ అరా తెరిచి చూసి చివరికి ట్యాగు కట్టి కిందకి పంపిచ్చేస్తారు. పోతే పోయింది, ఢిల్లీలో బెల్టు మీద వస్తది. మీరెట్టాగూ గృహప్రవేశానికి పోతా ఉండారు, చీరలూ మలై కాజాలూ పచ్చడి డబ్బాలూ చెకిన్ పెట్టెలోనే పోవాల (పచ్చడి సీసా చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు, ఎండుకొబ్బరి అసలు ఏ బ్యాగులోనూ పెట్టబాకండి), అంటే ఢిల్లీలో దిగినాక బెల్టు దగ్గర నిలబడక తప్పదు, ఇంకో బ్యాగు కూడా అక్కడికే వస్తే మీకు పోయేదేముంది.

నేనూ ఒకసారి కట్టినాలే. చెన్నైలోనే. పేరు పెట్టి పిలిచినట్టు ప్రయారిటీ వాళ్ళు రండి రండి అన్నారు, మహారాణి మాదిరి అందరికన్నా ముందు గేటు దాటి మెట్లు దిగి చూద్దును కదా కింద బస్సు. మా విమానం ఎక్కడో దూరంగా నిలబెట్టుండారంట. ఆ బస్సులో ముందెక్కినానని లోపలి మూలకి పోయి కడ్డీ పట్టుకుని పావుగంట నిలబడ్డా, మిగతా జనమంతా నిదానంగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, విమానం దగ్గర తలుపు తెరవంగానే వాళ్ళే ముందు దిగి ముందెక్కినారు. డబ్బు కట్టి అందరికన్నా వెనక ఎక్కింది బహుశా నేనొక్కదాన్నే. బస్సా, గేటు నుంచి నేరుగా విమానంలోకి పోయే వంతెనా అనేది టికెట్ కొనేటప్పుడు మనకి చెప్పరు, తెలిసేది గేటు దగ్గరే.

ఇక అత్తమ్మ సంగతి. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని పెట్టండి, మర్చిపోతే కనీసం రెండు రోజుల ముందన్నా ఫోన్ చేసి చెప్పండి. దూరం నడవలేదా, మెట్లు కూడా ఎక్కలేదా అని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి, ఎందుకంటే మెట్లు ఎక్కలేనివాళ్ళకి వేరే ఏర్పాటుంటది. చెకిన్ కౌంటర్ నుంచి గేటు దాకా మనిషొచ్చి తోసుకెళ్తాడు, విమానంలోకి కూడా మామూలుగా అందరికన్నా ముందే తీసుకెళ్తారు, తోడుగా ఒకరు పోవచ్చు. దిగేటప్పుడు మాత్రం అందరూ దిగిపోయిందాకా కూర్చోవాల. నాకేమన్నా కాళ్ళు పడిపోయినాయా కుర్చీలో కూర్చోబెడతారా అంటారు మన పెద్దోళ్ళు, చెన్నై టెర్మినల్లో ఎంత నడవాలో తెలిస్తే అనరు. నొప్పి లేనోళ్ళు కూడా లైను తప్పించుకోను కుర్చీ అడగడం ఈమధ్య ఎక్కువైంది, అది వేరే గోల, మీకు మొహమాటం అక్కర్లేదు.

అత్తమ్మతో పాటు నువ్వు పో, చేతి బ్యాగులు రెండూ నువ్వే తీసుకుపోయి పైన అరలో పెట్టేసెయ్, దెబ్బకి చోటు సమస్య కూడా తీరిపోద్ది. బాబునీ మీ ఆయన్నీ మాత్రం ఆఖర్న రమ్మను. కుదురులేని పిల్లోడ్ని ముందెక్కిస్తే విమానం కదలకముందే అరగంట సీట్లో కట్టేసినట్టుంటది, అప్పుడు మొదలుపెడతాడు ముందు సీటుని తన్నడం. గేటు దగ్గర పరుగులు పెట్టనీ, అలిసిపోనీ.

ఇంకోటి, బాబు పక్కన కూర్చోవాలంటే సీటుకి డబ్బు కట్టమని కూడా అడిగే ఉంటది, అవునా? విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్లోనే చెప్పింది, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఒకే పీఎన్ఆర్ మీద ఉన్న అమ్మానాన్నల్లో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని. కాబట్టి నలుగురి టికెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద తియ్యండి, విడివిడిగా తియ్యబాకండి. అంతగా డబ్బు పెట్టాలనుంటే అత్తమ్మకి నడవా పక్క సీటు ఒక్కటి కొనండి, రెండున్నర గంటల పైన మోకాలు మడిచి మధ్య సీట్లో కూర్చోవడం కన్నా అది మేలు, బాత్రూమ్‌కి లేవాలన్నా ఎవర్నీ లేపక్కర్లేదు.

మిగిలిన డబ్బు కారుకి పెట్టండి. రైల్లో అయితే సెంట్రల్లో దిగి కిందనుంచే మెట్రో, నేరుగా ఎయిర్‌పోర్ట్ దాకా పోద్ది, నా బోటిదానికి అదే సుఖం, కానీ మోకాళ్ళ నొప్పులామెకి ప్లాట్‌ఫారాలూ ఎస్కలేటర్లూ కష్టం. కారయితే రెడ్ హిల్స్ దాటినాక ఎప్పుడు ఇరుక్కుంటామో చెప్పలేం, ఒక గంట ఎక్కువే పెట్టుకుని బయల్దేరండి. విమానానికి గంట ముందు పెట్టెలు తీసుకోవడం ఆపేస్తే ప్రయారిటీ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

ప్రశ్న: మేడం, నేను బెంగళూరులో జాబ్, ఊరు ఒంగోలు. నెలకోసారి వచ్చి గన్నవరం నుంచి ఫ్లైట్లో పోతుంటా. నా దగ్గర ఒక బ్యాక్‌ప్యాక్ తప్ప ఏం ఉండదు. గేటు దగ్గర అరగంట లైన్లో నిలబడతాం, లోపలికి పోయాక మళ్ళీ నడవాలో నిలబడతాం. వీళ్ళకి ఇంతకన్నా తెలివిగా ఎక్కించడం రాదా? ఈ ప్రయారిటీ ఏమైనా పనికొస్తుందా?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: అరగంట నిన్నెవరు నిలబడమన్నారు నాయనా? బ్యాక్‌ప్యాక్ ముందు సీటు కింద పెట్టుకుంటావు, నీకు పైన అరతో పనే లేదు, హాయిగా కూర్చుని లైనులో చివరి పదిమంది మిగిలినాక లెయ్. మరీ బద్ధకించబాక, ఇండిగోలో అయితే బయల్దేరే టైముకి 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. గన్నవరంలో నీకు చిన్న ఫ్యాన్ల విమానం, అదే ఏటీఆర్ తగిలితే ఇంకా తేలిక, డెబ్బై ఎనిమిది సీట్లు, ఎక్కేది వెనక తలుపు నుంచి, పైన అరలు ఎంత చిన్నవంటే ట్రాలీలు చాలావరకు విమానం కిందే తీసేసుకుంటారు, ముందెక్కి ఏం చేస్తావ్.

తెలివిగా ఎక్కించడం రాదా అన్నావే, దానికొక కథ ఉంది. జేసన్ స్టెఫెన్ అని అమెరికాలో నక్షత్రాలూ గ్రహాల మీద పనిచేసే ఫిజిక్స్ ఆయన, ఆయన 2008లో లెక్క కట్టి చూపించాడు. మనం అనుకునేది ఏంది, వెనక వరసలోళ్ళని ముందు పంపిస్తే తొందరగా అయిపోద్దని. కాదంట. ఒకే చోట నాలుగైదు వరసలోళ్ళు ఒక్కసారి పోయి పడితే బ్యాగులు ఎత్తేదానికి ఒకరికొకరు అడ్డం పడి మిగతా జనమంతా నడవాలో ఆగిపోతారు. కిటికీ సీట్లోళ్ళని ముందు, అది కూడా వరస విడిచి వరస పంపితే ఒకేసారి చాలామంది బ్యాగులు సర్దుకుంటారు. తర్వాత 72 మందితో ఒక డమ్మీ విమానంలో ఎక్కించి చూశారు, వెనక గుంపు ముందు పద్ధతికి దాదాపు ఏడు నిమిషాలు, ఈయన పద్ధతికి మూడున్నరే. దీంట్లో నాకు బాగా నచ్చిందేందంటే ఏ వరసా లేకుండా ఎవరిష్టం వాళ్ళు ఎక్కినా ఐదు నిమిషాల్లోపే అయిపోయింది! మన ఊరి పద్ధతే మేలన్నమాట.

ఇంక కంపెనీలు ఎందుకు చెయ్యవంటే కిటికీ, మధ్య, నడవా అని విడదీస్తే మొగుడొకసారి పెళ్ళామొకసారి ఎక్కాల, గేటు దగ్గరే పంచాయితీ అయిద్ది. అమెరికాలో యునైటెడ్ వాళ్ళు 2023 అక్టోబర్ నుంచి కిటికీ వాళ్ళు ముందు అనే పద్ధతి మళ్ళీ తెచ్చారు, కుటుంబాల్ని విడదీయకుండా. ఇంకా తమాషా ఏందంటే ఈ ప్రయారిటీ అమ్మడమే నడవా జామ్ చేస్తది, ఆరో వరస నడవా సీటోడు డబ్బు కట్టి ముందొచ్చి కూర్చుంటాడు, తర్వాత లోపలి ఇద్దరి కోసం రెండుసార్లు లేస్తాడు. ఆలస్యం కూడా మనకే అమ్ముతా ఉండారు.

ప్రశ్న: నేను మార్కాపురంలో రిటైరైన ఉపాధ్యాయుడిని. డల్లాస్‌లో అమ్మాయి దగ్గరకు మేమిద్దరం వెళ్తున్నాం. అక్కడ లోపలి విమానాల్లో తిప్పుతానంటోంది. ముందు ఎక్కడానికి డబ్బు కట్టకపోతే సీటు మంచిది రాదని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?
(ఒక పాఠకుడు, మార్కాపురం)

జవాబు: మాస్టారూ, మీరు చూసింది పాత వీడియో అయ్యుంటది. సౌత్‌వెస్ట్ అని డల్లాస్ కంపెనీయే ఒకటుంది, వాళ్ళు యాభై ఏళ్ళకి పైగా అచ్చం మన పల్లెవెలుగు మాదిరే నడిపారు, సీటు నంబరే లేదు, ముందెక్కినోడిదే సీటు. అక్కడ ముందెక్కేదానికి కట్టిన డబ్బుకి అర్థముండేది. 2026 జనవరి 27 నుంచి వాళ్ళు కూడా సీట్లకి నంబర్లు ఇచ్చేశారు, ఇప్పుడా బెంగ లేదు.

మీరు చూసుకోవాల్సింది వేరే, టికెట్ రకం. బేసిక్ ఎకానమీ అని చౌకలో వచ్చేదుంటది, యునైటెడ్‌లో అయితే అమెరికా లోపల ఆ టికెట్ మీద సీటు కింద పట్టే చిన్న సంచి తప్ప ట్రాలీ తేనివ్వరు. యూరప్‌లో ర్యాన్‌ఎయిర్‌ది ఇంకో లెక్క, అక్కడ ప్రయారిటీ కొంటేనే పది కేజీల పెట్టె లోపలికి వస్తది, అంటే పేరు ముందెక్కడం, అమ్మేది పెట్టె. అట్టాంటి చోట లెక్కేసుకుని కొనొచ్చు. అమ్మాయిని టికెట్ తీసేముందు బ్యాగు సంగతి ఒక్కసారి చదవమని చెప్పండి.

ఇక్కడైనా అక్కడైనా గేటు దగ్గర మీ చేతి బ్యాగుకి ట్యాగు కట్టి కిందకి పంపుతామంటే సరేననండి, కానీ ఇచ్చేముందు జిప్పు తీసి బీపీ షుగర్ మాత్రలు, పాస్‌పోర్టులు, పవర్ బ్యాంకు బయటికి తీసుకోండి. పవర్ బ్యాంకు కింద సామాన్లలో పోకూడదు, అది రూలు. మాత్రలు రూలు కాదు కానీ మా ఆయనవి ఒకసారి అట్టా కిందకి పోయినాయి, రాత్రి పదింటప్పుడు బెల్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడి ఆ బ్యాగొచ్చేదాకా నాకు బీపీ వచ్చింది.