మోకాలు సరే, ఆ చెమటల సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 53. కర్నూలులో చిన్న దుకాణం. ఎనిమిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. పొద్దున్నే మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర, బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటాను. మూడు నెలలుగా మా అబ్బాయి వదిలేసిన గేర్ సైకిల్ మీద మిత్రులతో కలిసి ఆదివారాలు మట్టిదారుల్లో తిరుగుతున్నాను. ఒక వారం గార్గేయపురం చెరువు, ఇంకో వారం జగన్నాథగట్టు. కుడి మోకాలు ముందు భాగంలో నొప్పి మొదలైంది, మెట్లు ఎక్కితే ఎక్కువ. చిటికెన వేళ్లు మొద్దుబారుతున్నాయి. సంక్రాంతి తర్వాతి ఆదివారం టీ తాగి, మాత్రలు వేసుకుని వెళ్లాను. ఎనిమిది గంటలప్పుడు చెరువు దగ్గర ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. దడ మాత్రం లేదు. మిత్రుడు ఇచ్చిన అరటిపండు తిని కాసేపు కూర్చుంటే తగ్గింది. ఎండదెబ్బ అనుకున్నాం. మా ఆవిడ సైకిల్ మానేయమంటోంది. మోకాలు అరిగిపోతుందా? మానేయాలా? (రాత్రిళ్లు అరికాళ్లలో తిమ్మిరి ఉంటుంది. అది పాతదే.)
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు మోకాలి గురించి అడిగారు. నాకు మాత్రం ఆ చెమటలు, బ్రాకెట్లో పెట్టేసిన అరికాళ్ల తిమ్మిరి ఎక్కువ కంగారు పుట్టించాయి. అందుకే ముందు వాటి సంగతి.

జనవరిలో పొద్దున ఎనిమిదింటికి కర్నూలులో ఎండదెబ్బ తగలదు. మీరు చెప్పినదాన్ని బట్టి అది షుగర్ పడిపోవడమే అయి ఉంటుంది. గ్లిమిపిరైడ్ పని పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. మీరు టిఫిన్ తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. మరోపక్క తొక్కుతున్న కాళ్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును లాగేసుకుంటాయి. కడుపులో ఉన్నది ఒక్క టీ. పడిపోక ఏం చేస్తుంది? మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇలా జరగడం చాలా అరుదు.

దడ లేదని రాశారు చూడండి, అది చాలా ముఖ్యమైన మాట. షుగర్ పడిపోతే మామూలుగా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. మెటోప్రొలాల్ ఈ రెంటినీ చాలావరకు కప్పిపెడుతుంది. చెమటను మాత్రం ఆపలేదు. కాబట్టి చల్లటి వేళ ఉన్నట్టుండి చెమటలు పడితే దాన్ని మీ సైరన్ అనుకోండి. ఇదే మాత్ర వల్ల గుండె వేగం పెద్దగా పెరగదు, అందుకని చేతి వాచీ చూపే అంకెలను చూసి ఎంత గట్టిగా తొక్కాలో లెక్క వేసుకోవద్దు. తొక్కుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం మీకు చాలు.

గ్లిమిపిరైడ్‌ను రోజులో మొదటి భోజనంతో వేసుకోవాలి. టీని భోజనం కింద లెక్కేయకండి. ఆదివారం ఆ మాత్రను తిరిగొచ్చాక టిఫిన్‌తో వేసుకోవాలా, మోతాదు తగ్గించాలా అన్నది మిమ్మల్ని చూసే డాక్టరును అడిగి తేల్చుకోండి. మీ అంతట మీరు మానొద్దు. బయల్దేరే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని, కాసేపాగి మళ్లీ చూసుకున్నాకే సైకిలెక్కండి. 250 దాటి దాహం, నీరసం ఉంటే ఆ వారానికి వద్దు. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. ఒంట్లో తేడాగా అనిపించగానే దిగి, మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మరోసారి. తర్వాత నాలుగు బిస్కెట్లు. ఆరోజు అరటిపండు కాపాడింది గానీ గ్లూకోజ్ ఇంకా త్వరగా ఎక్కుతుంది. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, 108కి ఫోన్ చేయాలని మీ మిత్రులకు ముందే చెప్పి పెట్టండి. ఎక్కువసేపు తొక్కిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి.

ఇక అరికాళ్లు. తిమ్మిరి పాతదే అన్నారు, అంటే దెబ్బ తగిలినా తెలియని స్థితి వైపు నరాలు జారుతున్నాయని అర్థం. మీరు తిరిగే దారులు నాకు తెలుసు. కట్టల వెంట కంపచెట్లు, నేలంతా పల్లేరుకాయలు. టైరులో దిగితే గాలి పోయి వెంటనే తెలుస్తుంది. అరికాల్లో దిగితే మీకు తెలియకపోవచ్చు, నాలుగు రోజులకు చీము పట్టాక సాక్సుకు అంటిన తడి చూసి తెలుస్తుంది. అలా వచ్చి వేలు పోగొట్టుకున్నవారిని చూశాను. చెప్పులతో తొక్కే అలవాటుంటే ఈరోజే మానండి. గట్టి అడుగు ఉన్న బూట్లు, లేతరంగు సాక్సులు వేసుకోండి, రక్తపు మరక కనిపించాలంటే నల్లవి పనికిరావు. ఇంటికి రాగానే అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోండి. చెరువు అంచున బర్రెలు దిగే బురద నీటిలో కాలు పెట్టొద్దు, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు, గీరుకుపోయిన చర్మమే దానికి దారి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. సన్నని నైలాన్ పోగుతో పాదాలను తాకి స్పర్శ తెలుస్తోందా అని చూసే మోనోఫిలమెంట్ పరీక్ష ఐదు నిమిషాల పని, ఈ నెలలోనే చేయించండి.

మోకాలికి వస్తే, సైకిల్ వల్ల అరిగిపోతుందన్న భయం వద్దు. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి పరుగుతో పోలిస్తే కీలు మీద పడే భారం చాలా తక్కువ. మీ నొప్పి ముందు భాగంలో, మెట్ల దగ్గర అంటే చిప్ప వెనక ఒత్తిడి. నా అనుమానం సీటు మీద. పడిపోతామేమోనన్న భయంతో కాళ్లు నేలకు అందేలా సీటు దించుకుని ఉంటారు, ఈ వయసులో మొదలుపెట్టిన చాలామంది చేసే పనే ఇది. సీటు కిందికి ఉంటే మోకాలు మరీ మడిచి తొక్కాల్సి వస్తుంది. గోడ పట్టుకుని కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, మడమ దాని మీద పెట్టండి. కాలు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అది సరైన ఎత్తు. ఒకేసారి లేపకండి, వారానికి ఒక సెంటీమీటరు చాలు. ఆగేటప్పుడు సీటు మీది నుంచి ముందుకు దిగి కాలు ఆనించాలి. నొప్పి మోకాలి వెనక్కి మారితే సీటు ఎక్కువ లేపారని లెక్క.

గట్టు ఎక్కేటప్పుడు బరువైన గేరులో ముక్కుతూ తొక్కడం కూడా మోకాలికి చెరుపే. ముందే తేలిక గేరుకు దిగి కాళ్లు చకచకా ఆడించండి. మరీ నిటారుగా ఉంటే దిగి నెట్టుకుంటూ ఎక్కండి, పరువేం పోదు. వాన పడ్డాక నల్లరేగడి దారుల జోలికి మాత్రం వెళ్లకండి. బంక మట్టి చక్రాలకు చుట్టుకుని సైకిలే కదలదు, దాన్ని మోసుకుంటూ నడవడం గుండెకు అనవసరమైన శ్రమ. ఎర్రనేల అయితే ఇంత ఇబ్బంది ఉండదు.

చిటికెన వేళ్ల మొద్దు అరచేతి అంచున ఉన్న అల్నార్ నరం హ్యాండిల్‌కు నొక్కుకోవడం వల్ల. మెత్త ఉన్న గ్లవ్స్ వేసుకుని, పది నిమిషాలకోసారి చేతులు మార్చి పట్టుకోండి. షాపులో టైరు రాయిలా గాలి కొట్టి ఇస్తారు, మట్టిదారికి అంత వద్దు. టైరు పక్కన రాసి ఉన్న కనీసానికి కాస్త పైన ఉంటే కుదుపులు సగం టైరే మింగుతుంది. సైకిల్ దిగాక కూడా మొద్దు పోకపోతే నరాల పరీక్ష చేయించాలి.

రెండు పనులు అయ్యేదాకా గట్టు ఎక్కడం ఆపండి. ఒకటి కంటి పరీక్ష: షుగర్ వల్ల రెటీనాలో (కంటి లోపలి వెనక పొరలో) కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే ముక్కి ఎక్కడం, కుదుపులు రక్తస్రావానికి దారితీయవచ్చు. రెండోది గుండె: ఈసీజీ తీయించి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. షుగర్ ఉన్నవారికి గుండెనొప్పి నొప్పిగా రాకుండా ఒట్టి ఆయాసంగా రావచ్చు. చదును దారిలో నెమ్మదిగా తొక్కడం అప్పటిదాకా సాగనివ్వండి, కానీ మాత్ర సంగతి తేలాకే.

ఆదివారం ఒక్కరోజు తొక్కి ఆరు రోజులు గల్లా పెట్టె ముందు కూర్చుంటే షుగర్‌కు పెద్దగా ఒరిగేదేమీ లేదు. వారానికి 150 నిమిషాలు, వరసగా రెండు రోజులకు మించి ఖాళీ లేకుండా కదలాలి. తిరుగు ప్రయాణంలో ఉగ్గాణి, బజ్జీ సంగతి మీరు రాయలేదు గానీ, కర్నూలు వాళ్లం కదా, నేను ఊహించగలను. ఉగ్గాణి ఒక ప్లేటు తినండి. బజ్జీలు ఒకటితో ఆపండి.

మీ ఆవిడ మాట పూర్తిగా తీసేయలేను, ఆమె భయపడింది సరైన రోజునే. మాత్ర సంగతి డాక్టరుతో తేల్చుకున్నాక, మొదటి రెండు ఆదివారాలు బయల్దేరే ముందు, వచ్చాక, పడుకునేటప్పుడు షుగర్ చూసి ఆ అంకెలు ఆమెతోనే రాయించండి. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.