క్యాథలిక్ స్కూల్లో టీచర్ ఉద్యోగం: ఆ సంతకానికి అర్థం ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి మ్యాథ్స్‌లో పీజీ, టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసింది. రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి సిస్టర్లు నడిపే క్యాథలిక్ స్కూల్లో హైస్కూల్ టీచర్ పోస్టు. రెండోది ఆన్‌లైన్ పాఠాల కంపెనీలో కంటెంట్ ఉద్యోగం, జీతం దాదాపు రెట్టింపు. మేం క్రైస్తవులం కాదు. స్కూలు వాళ్ల ఫారంలో ‘ఈ పాఠశాల క్యాథలిక్ స్వభావాన్ని గౌరవిస్తాను, అందుకు తోడ్పడతాను’ అని సంతకం అడుగుతున్నారు. రేపు మతం మారమంటారేమోనని భయంగా ఉంది. అమ్మాయేమో స్కూలే కావాలంటోంది. రెండింటినీ పోల్చి, ఏది మంచి కెరీరో చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: పైన ఇచ్చింది మీ ఉత్తరంలో కొంత భాగమే. మొత్తం రెండుసార్లు చదివాను. జీతం మాట నాలుగుచోట్ల ఉంది. ‘చివరికి టీచరేనా అని బంధువులు అంటారు’ అన్నది రెండుచోట్ల ఉంది. అమ్మాయికి స్కూలే ఎందుకు కావాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. పైకి అడిగేది మతం గురించి, లోపల నలిగేది పరువు గురించి. మతం సంగతి ముందు తేల్చేస్తాను, అది తేలిక.

క్యాథలిక్ చర్చి సంఘానికి ‘కానన్ లా’ అని సొంత చట్టం ఉంది. ఎవరినైనా మనస్సాక్షికి విరుద్ధంగా ఈ విశ్వాసంలోకి బలవంతంగా తీసుకురావడం ఎప్పుడూ కూడదని అందులో 748వ నిబంధన చెబుతుంది. కాబట్టి మీ అమ్మాయిని ఎవరైనా ఒత్తిడి చేస్తే వాళ్లు తమ చట్టాన్నే తప్పినట్టు. 803వ నిబంధన స్కూళ్ల గురించి. క్యాథలిక్ బడిలో చదువు ఆ మత సిద్ధాంతాల మీద నిలబడాలి, టీచర్ల నడవడి బాగుండాలి, సంఘం అధికారుల అనుమతి లేకుండా ఏ బడీ ఆ పేరు పెట్టుకోకూడదు అంటుంది. పేరును వాళ్లు ఎంత సీరియస్‌గా తీసుకుంటారో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక ఆ ఫారం. క్యాథలిక్ పాఠశాల స్వభావం మీద వాటికన్ 2022లో ఒక పత్రం విడుదల చేసింది. టీచర్‌ను తీసుకునేటప్పుడే స్కూలు స్వభావం ఏమిటో, దానివల్ల వాళ్ల మీద పడే బాధ్యతలేమిటో చెప్పాలని అందులో ఉంది. మీరు భయపడుతున్న కాగితం, ముందే చెప్పి ఒప్పించుకునే కాగితమన్నమాట. దాచిపెట్టి చేర్చుకుని తర్వాత నిలదీయడం కంటే ఇది నయం కాదూ? అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది, అది దాచను. స్కూలు కోరినదాన్ని టీచర్ పాటించకపోతే యాజమాన్యం చర్య తీసుకోవచ్చు, పరిస్థితులన్నీ చూసి ఉద్యోగం నుంచి తీసేయవచ్చు కూడా. కాబట్టి ఊరికే సంతకం పెట్టేయకుండా, ‘గౌరవించడం అంటే మీ స్కూల్లో రోజువారీగా ఏమిటి?’ అని అడగాలి. సాధారణంగా అసెంబ్లీలో ప్రార్థన జరిగేటప్పుడు మర్యాదగా నిలబడటం, వాళ్ల విశ్వాసాన్ని పిల్లల ముందు వెక్కిరించకపోవడం లాంటివి ఉంటాయి. సత్యోపదేశం క్లాసు, అంటే వాళ్ల మత పాఠాలు, చెప్పమని మ్యాథ్స్ టీచర్‌ను, అందులోనూ ఆ మతం కాని మనిషిని అడగరు.

మరి ఆ ‘స్వభావం’ ఎక్కడి నుంచి వచ్చింది? ఇది మీకు కాస్త వివరంగానే చెప్పాలి. ఎందుకంటే మీలాంటి ఆయన ఒకరు ఈ కథలో ఉన్నారు.

ఫ్రాన్స్‌లోని రైమ్స్ నగరంలో 1679లో పేద మగపిల్లల కోసం బడి మొదలైంది. దానికి సాయం చేసినాయన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ అనే యువ క్యాథలిక్ మతగురువు, కలిగిన ఇంటి బిడ్డ. టీచర్లంటే మీకున్న చిన్నచూపు ఆయనకూ ఉండేది. మొదట్లో ఆ టీచర్లను తన నౌకరు కంటే తక్కువగా ఎంచేవాడినని తర్వాత ఆయనే రాసుకున్నాడు. అలాంటి మనిషి వాళ్లు పాఠం ఎలా చెబుతున్నారో చూశాడు. శిక్షణ లేదు, పద్ధతి లేదు, రేపటి తిండికి భరోసా లేదు. ముందు భోజనానికి పిలిచాడు, 1681లో ఏకంగా తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. బంధువులు గొడవ చేశారు. (బంధువులు ఎక్కడైనా బంధువులే.) ఆయన ఇల్లు వదిలి ఆ టీచర్లతోనే వెళ్లిపోయాడు. తర్వాత కరువు వచ్చినప్పుడు ఉన్న ఆస్తి పేదలకు పంచేశాడు. చదవడం లాటిన్‌తో మొదలుపెట్టే రోజుల్లో, పిల్లలు ఇంట్లో మాట్లాడే ఫ్రెంచ్‌తోనే మొదలుపెట్టించాడు. ఒక్కొక్కణ్నీ పిలిచి పాఠం ఒప్పజెప్పించుకునే పద్ధతి పోయి క్లాసంతటికీ కలిపి చెప్పే పద్ధతి వ్యాపించడంలో ఆయన బడులది పెద్ద పాత్ర. 1950లో పోప్ ఆయన్ని టీచర్ల పాలక పునీతుడిగా, అంటే వాళ్లకు అండగా నిలిచే సెయింట్‌గా, ప్రకటించాడు.

అంతకుముందే 1597లో జోసెఫ్ కలసాంజ్ అనే మతగురువు రోమ్‌లో పేద పిల్లలకు ఉచితంగా బడి తెరిచాడు. జెస్యూట్లు అనే క్యాథలిక్ గురువుల సంస్థ వాళ్లు 1548లో ఇటలీలోని మెస్సీనాలో బడి మొదలుపెట్టి, 1599 నాటికి ఏ క్లాసులో ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఒక ప్రణాళికే రాసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని టూరిన్‌లో డాన్ బోస్కో అనే మతగురువు పద్ధతి ఇంకోలా ఉండేది. పిల్లవాడు తప్పు చేశాక పట్టుకుని కొట్టడం కాదు, ఆ తప్పు దాకా పోకుండా ముందే తోడుండాలి అనేవాడు. అందుకే ఆయన టీచర్లు ఆటస్థలంలోనూ పిల్లల మధ్యే ఉండేవారు. మీ అమ్మాయి చేరబోయే స్కూలు ఏ సంస్థదో చూడమనండి. ఒక్కో సంస్థకు ఒక్కో వాసన ఉంటుంది. కొన్నిచోట్ల ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూంలో కూర్చునే తీరిక దొరకదు.

ఇంత చెప్పి, క్యాథలిక్ స్కూలంటే చాలు కళ్లు మూసుకుని చేరిపొమ్మనడం లేదు. పేరుకు మాత్రమే ఆ స్వభావం ఉన్న బడులూ ఉన్నాయని 2022 పత్రమే ఒప్పుకుంటుంది. నేను చూసిన ఒక స్కూలుంది, పేరెందుకు లెండి. గేటు దగ్గర మరియమాత విగ్రహం, రోజూ తాజా పూలు. నేను కెరీర్ క్లాస్ చెప్పడానికి వెళ్లిన రోజు, ఫీజు కట్టని పిల్లల పేర్లు అసెంబ్లీలో మైకులో చదివి పక్కన వరుసగా నిలబెట్టారు. ఆ వరుసలో ఒక పిల్ల బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఆరోజు నేను చెప్పాల్సిన పాఠం సరిగా చెప్పలేకపోయాను. ఉన్నవాళ్ల పిల్లల్నే ప్రధానంగా పట్టించుకునే క్యాథలిక్ బడి వాళ్ల ఆధిక్యాన్ని నిలబెట్టినట్టే అవుతుందని వాటికన్ 1977లోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక చదవని బడులు ఉంటాయి. మీ అమ్మాయి కనుక్కోవలసింది విగ్రహం ఉందా లేదా అని కాదు, ఫీజు కట్టలేని పిల్లను ఏం చేస్తారని.

ఇప్పుడు మీరు ముచ్చటపడుతున్న కంటెంట్ ఉద్యోగం. దీని మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. జీతం ఎక్కువే, కాదనను. కానీ ఆమె చేసే పని ఏమిటి? పాఠాలకు స్క్రిప్టులు రాయడం, ప్రశ్నలు తయారుచేయడం, సమాధానాలు సరిచూడటం. ఒకసారి రికార్డయిన పాఠం ఏళ్లపాటు నడుస్తుంది. మరి రాసిన మనిషి అవసరం కంపెనీకి అన్నేళ్లూ ఉంటుందా? ప్రశ్నల మొదటి చిత్తుప్రతి ఇప్పుడు ఏఐ రాసిపెడుతోంది కూడా.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్’ అంటే ‘ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్’ అని రాసే పిల్లలు ఏ క్లాసులో అయినా ఉంటారు. కంపెనీలో కూర్చున్నవాళ్లకు అది తప్పు జవాబుల పట్టికలో ఒక అంకె. క్లాసులో ఉన్న టీచర్‌కు అది మూడో బెంచీ పిల్లవాడు. పక్కవాడి నోట్‌బుక్ చూసి, తనది చేత్తో కప్పుకుని, రబ్బరు కోసం వెతుక్కుంటుంటాడు. ఒక చదరం గీసి నాలుగు ముక్కలు చేసి చూపిస్తే, తను లెక్కలో వేయని రెండు ముక్కలు చూసి వాడి ముఖం మారుతుంది. ఇలాంటివి చూడనివాళ్లు రాసిన పాఠం ఎలా ఉంటుందో నాకు తెలుసు, బొమ్మలు బాగుంటాయి. నాలుగైదేళ్లు క్లాసు చెప్పి కంటెంట్‌లోకి వెళ్లినవాళ్లు రాణించడం చూశాను. ముందు అటు వెళ్లి తర్వాత క్లాసుకు రావాలనుకున్నవాళ్లు ఇబ్బందిపడటమూ చూశాను. జీతం తగ్గించుకోవడానికి వాళ్లకే మనసొప్పదు, ఇంట్లోవాళ్లూ ఒప్పుకోరు.

పోల్చి చెప్పమన్నారు, పోలిక ఇంతే. పట్టిక వేసి ఇవ్వలేను. ఇచ్చినా మీరు జీతం గడి ఒక్కటే చూస్తారని నా అనుమానం. కోపం తెచ్చుకోకండి. ఇన్నేళ్లు మీ పిల్లకు చదువు చెప్పిన టీచర్లకు దండం పెట్టిన చేత్తోనే, ‘చివరికి టీచరేనా’ అని ఉత్తరం రాశారు. అది మీ అమ్మాయి చదివితే ఏమనుకుంటుంది?

భయపడాల్సిన పనేమీ లేదు. మీ అమ్మాయి మ్యాథ్స్ చదివింది, ట్రైనింగ్ ఉంది, తనకేం కావాలో తెలుసు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ మూడోది ఉన్నవాళ్లు తక్కువ. స్కూలు నచ్చకపోతే రెండేళ్ల తర్వాత మారుతుంది, ఆ అనుభవం ఎక్కడైనా పనికొస్తుంది. అవసరమైతే ఆ కంపెనీలోనే.

ఇక ఈ నాలుగు మాటలు ఆమెకే చదివి వినిపించండి. అమ్మా, సంతకానికి ముందు స్కూలు తన లక్ష్యాలు, పద్ధతులు రాసుకున్న విద్యా ప్రణాళిక పత్రం అడిగి ఇంటికి తెచ్చుకుని చదువు. అందులో పేదపిల్లల ఊసు ఎక్కడుందో చూడు. ప్రార్థన సమయంలో, పండుగల్లో నీ పాత్ర ఏమిటో నేరుగా అడుగు, ‘నేను ఆ మతం కాదు’ అని నువ్వే ముందు చెప్పు. వారానికి ఎన్ని పీరియడ్లు, ఆటస్థలం డ్యూటీ ఎన్ని రోజులు, కాగితం మీద రాయించుకో. జీతం గురించి అడగడానికి మొహమాటపడకు. సేవ అనే మాట అడ్డుపెట్టి తక్కువ ఇస్తామంటే అది కూడా ఆ బడి గురించి నీకు ఒక సమాచారమే.

అయ్యా, చివరగా ఒకటి. ఫైనల్ ఇంటర్వ్యూకి మీరు కూడా వెంట వెళ్లి సిస్టర్‌తో మాట్లాడతానన్నారు. వద్దు. గేటు దాకా దింపి వచ్చేయండి.