హెచ్‌ఈఐ-ఓసీ1 కణాలను ఎంతవరకు నమ్మవచ్చు?

చిట్టెలుక చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమ కణాలను నేరుగా తీసి పెంచుకోవచ్చు గదా, అందరూ హెచ్‌ఈఐ-ఓసీ1 అనే సెల్ లైన్ (ల్యాబ్‌లో ఆగకుండా విభజన చెందుతూ పెరిగే చిట్టెలుక చెవి కణాలు) చుట్టూనే ఎందుకు తిరుగుతున్నారు, క్యాన్సర్ మందైన సిస్ప్లాటిన్ దెబ్బ నుంచి వినికిడిని కాపాడే మందును ఆ కణాలపై పరీక్షిస్తే వచ్చే ఫలితానికి విలువ ఎంత అన్నది మీ ప్రశ్న. పీహెచ్‌డీలో నాలుగేళ్లపాటు ఈ కణాలనే పెంచినవాడిని కనుక, నేను ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో చెబితే మీకు కొంత కాలం కలిసివస్తుందని రాస్తున్నాను.

మొదటి ముక్కకు జవాబు చెవి నిర్మాణంలోనే ఉంది. రోమ కణాలు మనిషి కాక్లియాలో (లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు వినికిడి భాగం) సుమారు 15 వేలు, చిట్టెలుకలో సుమారు 3 వేలు మాత్రమే. బియ్యపు గింజలో సగం కూడా లేని ఎముక గుల్లను మైక్రోస్కోప్ కింద, సన్నని పట్టకార్లతో పెచ్చు పెచ్చుగా ఒలిచి, లోపల రోమ కణాలు ఉండే కార్టీ అంగాన్ని తెగకుండా బయటకు తీయడం చేతికి అలవడడానికి నాకు మూడు నెలలు పట్టింది. అంత శ్రమపడి తీసినా ఆ కణాలు విభజన చెందవు. పక్షులలో పోయిన రోమ కణాలు మళ్లీ పుడతాయి గానీ, ఎదిగిన క్షీరదాల కాక్లియాకు ఆ భాగ్యం లేదు.

ఈ చిక్కును దాటించినది ఇమ్మోర్టోమౌస్ అనే జన్యుమార్పిడి చిట్టెలుక. ఎస్‌వీ40 వైరస్‌కు చెందిన టీ యాంటిజెన్ జన్యువును, అదీ వేడికి నిలవని రకాన్ని, దాని కణాలలో చేర్చారు. 33 డిగ్రీల వద్ద ఆ ప్రోటీన్ పనిచేసి కణాన్ని విభజన వైపు తోస్తుంది. 39 డిగ్రీలకు చేరిస్తే ప్రోటీన్ చెడిపోయి, కణం విభజన తగ్గించి పరిణతి వైపు మళ్లుతుంది. 1990లలో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో తయారైన యూబీ/ఓసీ సెల్ లైన్లు, లాస్ ఏంజెలెస్‌లోని హౌస్ ఇయర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాలినెక్ బృందం అభివృద్ధి చేసి 2003లో ప్రచురించిన హెచ్‌ఈఐ-ఓసీ1 ఈ ఎలుక నుంచి వచ్చినవే. హెచ్‌ఈఐ-ఓసీ1లో ప్రెస్టిన్, మయోసిన్ 7ఏ వంటి, రోమ కణాలకు గుర్తులైన ప్రోటీన్లు కనిపిస్తాయి కనుకనే అది చెవికి హాని చేసే మందుల పరీక్షకు ఇంతగా వాడుకలోకి వచ్చింది.

అయితే అసలు పేచీ కూడా ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఉంది. సిస్ప్లాటిన్ డీఎన్‌ఏకు అతుక్కుని, ముఖ్యంగా విభజన చెందే కణాలను చంపుతుంది. 33 డిగ్రీల వద్ద చకచకా పెరుగుతున్న హెచ్‌ఈఐ-ఓసీ1 చనిపోతే, అది రోమ కణం చనిపోయిన తీరా, క్యాన్సర్ కణం చనిపోయిన తీరా అన్నది ఎంటీటీ పరీక్ష ప్లేటులో బతికిన కణాలను చూపే ఊదా రంగు చెప్పలేదు. 39 డిగ్రీల వద్ద కూడా అదే ప్రయోగం చేయమని నేను చెప్పేది ఇందుకే. అక్కడ కొద్ది రోజులలో కణాలు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి, మందు వేయని కంట్రోల్‌ను ప్రతి రోజూ లెక్కించక తప్పదు.

ఇక నా పొరపాట్లు. సిస్ప్లాటిన్‌ను అలవాటు కొద్దీ డీఎంఎస్‌ఓలో కరిగించాను. ఆ ద్రావకం సిస్ప్లాటిన్‌తోనే చర్య జరిపి దాని శక్తిని చంపేస్తుందని తెలియక, కణాలు చావకపోవడం చూసి నా మందు అద్భుతమని మూడు వారాలు మురిసిపోయాను. దానిని సెలైన్‌లో, ఎప్పటికప్పుడు కరిగించుకోవాలి. మరోసారి, మా ల్యాబ్‌లో అందరూ వాడే మీడియం (కణాలను పెంచే ద్రవం) సీసానే తీసుకున్నాను. అందులో పెన్‌స్ట్రెప్ (పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన యాంటీబయాటిక్ మిశ్రమం) ఉంది. స్ట్రెప్టోమైసిన్ స్వయంగా చెవికి విషం. ఈ కణాలకు యాంటీబయాటిక్ లేని మీడియం, 33 డిగ్రీలు, 10 శాతం కార్బన్ డయాక్సైడ్ వాడుక. పక్కవారి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో చోటు ఖాళీగా ఉంది గదా అని ఫ్లాస్కులు అక్కడ పెట్టకండి.

చెవికి హాని చేసే మరో యాంటీబయాటిక్ జెంటామైసిన్‌తో పని పెట్టుకుంటే మరింత జాగ్రత్త అవసరం. నిజమైన రోమ కణంలోకి ఆ మందు ప్రధానంగా రోమాల కొనల వద్ద ఉన్న, శబ్దానికి తెరుచుకునే చానెళ్ల గుండా దూరుతుంది. హెచ్‌ఈఐ-ఓసీ1కు ఆ రోమాల కట్టే లేదు. అందువల్ల మిల్లీమోలార్ల కొద్దీ జెంటామైసిన్ పోస్తే తప్ప అవి సరిగా చావవు, ఆ మోతాదులో చచ్చినదానికి చెవితో ఉన్న సంబంధం కూడా అంతంతమాత్రమే.

మీ మందులో థయాల్ సమూహం (గంధకం, హైడ్రోజన్ జంట) ఉంటే, అది కణాన్ని కాపాడకుండా మీడియంలోనే సిస్ప్లాటిన్‌ను పట్టేసి ఉండవచ్చు. పిల్లలలో సిస్ప్లాటిన్ వల్ల వచ్చే వినికిడి లోపానికి 2022లో అమెరికా అనుమతించిన సోడియం థయోసల్ఫేట్‌కు కూడా సిస్ప్లాటిన్‌ను పట్టి నిర్వీర్యం చేసే గుణం ఉంది. అందుకే దానిని సిస్ప్లాటిన్ ఎక్కించడం ముగిసిన ఆరు గంటల తరువాత ఇస్తారు. మీరు కూడా రెండింటినీ ఒకేసారి వేసిన బావులు (ప్లేటులోని గుంటలు), వేర్వేరు వేళల్లో వేసిన బావులు పక్కపక్కనే పెట్టి చూడండి.

వందల మందులను వడపోయడానికి ఈ సెల్ లైన్‌కు మించిన చౌక సాధనం లేదు. నేను మళ్లీ మొదలుపెట్టినా దీనితోనే మొదలుపెడతాను. కానీ దీనిలో నెగ్గిన మందును అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల కాక్లియా ముక్కపై పరీక్షించకుండా థీసిస్‌లో ఎక్కించవద్దు. రోమాలకు అంటుకునే ఫాలోయిడిన్‌తో రంగు వేస్తే లోపలి రోమ కణాలు ఒక వరుసగా, బయటివి మూడు వరుసలుగా కనిపిస్తాయి. ఏ వరుసలో ఎన్ని ఖాళీలు పడ్డాయో కూర్చుని లెక్కపెట్టాలి. నేను అక్కడిదాకా తీసుకెళ్లిన ఐదు మందులలో ఆ మూడు వరుసలనూ నిలిపింది ఒక్కటే, అదీ అన్నిసార్లూ కాదు.