టీం కొనేముందు ఒక కోడి కథ

ఒరే చిన్నా,

గుడ్ల మీద వచ్చిన డబ్బుతో ఆ కబడ్డీ టీంలో వాటా కొంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది, పాపం చాలా టెన్షన్ పడుతోంది. నేను వద్దనను. అడ్వాన్స్ ఇచ్చేముందు మాత్రం మన కోళ్లవాళ్ల కథే ఒకటి విను.

బి.వి. రావు గారు తెలుసుగా, 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టినాయన. దళారులు చెప్పిందే రేటుగా ఉన్న రోజుల్లో రైతుల్ని కూడగట్టి 1982లో నెక్ (గుడ్ల రేటు చెప్పే రైతుల జాతీయ కమిటీ) పెట్టించాడు, నువ్వు పొద్దున్నే ఫోన్లో చూసుకునే గుడ్ల రేటు ఆయన పుణ్యమే. పిల్ల, మేత, మందు, మార్కెట్ అన్నీ తెలిసిన మనిషి. ఆయన పోయాక పిల్లలు 2010 నవంబర్లో ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్ కొన్నారు, 2 కోట్ల 30 లక్షల పౌండ్లు పెట్టి. 1995లో అక్కడి అన్నిటికన్నా పై డివిజన్, ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బురా అది!

నెల తిరక్కుండానే మేనేజర్, అంటే మన కోచ్ లాంటోడు, శామ్ అలర్డైస్‌ని పీకేశారు. టీం అప్పటికి 13వ స్థానంలో ఉంది, కొంప మునిగిందేమీ లేదు. పైగా ఆటగాళ్ల చేత చికెన్ తినిపించి యాడ్ తీశారు. 2012 మేలో కింది డివిజన్‌కి పడిపోయిన మ్యాచ్‌లో, ఎవరో క్లబ్ జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ వీడియో చూసి ముందు పగలబడి నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు, మన కోడే కదా. ఆ తర్వాత వచ్చిన ఒక మేనేజర్‌ని 57 రోజులకే పంపేశారు. 2017లో ఇంకో మెట్టు కిందికి, మరుసటి ఏడాది మళ్లీ పైకి. వదిలేసి పారిపోలేదు, ఏటా డబ్బు పోస్తూనే వచ్చారు, అది ఒప్పుకోవాలి.

నేనూ తక్కువ తినలేదులే. గవర్నర్‌పేటలో ఒక మెస్‌లో వాటా తీసుకుని, సాంబార్లో ఉప్పెక్కువైందని వారానికే పాత వంటమాస్టర్ని మాన్పించా. ఆర్నెల్లకి మన కస్టమర్లంతా ఆయన చేరిన పక్క మెస్ ముందు టోకెన్లు పట్టుకుని నిలబడ్డారు.

కాబట్టి మొదటి సీజన్ కోచ్ జోలికి పోకు, గ్యాలరీలో కూర్చుని చూడు. జీతాల పుస్తకం అడుగు, స్పాన్సర్ డబ్బు నిజంగా చేతికి వస్తోందో లేదో కనుక్కో. శ్రావణం, కార్తీకంలో గుడ్ల రేటు పడ్డా ఆటగాళ్ల జీతాలు ఆగవు, ఆ నెలలకి డబ్బు పక్కన పెట్టుకున్నాకే సంతకం. ఫారం మాత్రం తాకట్టు పెట్టొద్దు, చంపేస్తా.

ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర వాళ్లని కలుస్తావటగా, శనివారం సాయంత్రమే ఆ అగ్రిమెంట్ ఇంటికి పట్టుకురా. కొత్త కళ్లజోడు వచ్చింది, చిన్న అక్షరాలు కూడా చదువుతున్నా.

మీ పెదనాన్న