ప్రాజెక్టు ముగిశాక పిలిస్తే ఆలస్యమే

ప్రశ్న: పొద్దుతిరుగుడు గింజల నుంచి నూనె తీయగా మిగిలే చెక్కతో మా విభాగంలో ప్రోటీన్ పొడి తయారుచేశాం. పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి, మా విద్యార్థులు రుచి చూసి బాగుందన్నారు, మూడు కంపెనీలు నమూనాలు తీసుకున్నాయి కాని ఒక్కరూ తిరిగి పలకలేదు. ప్రాజెక్టు చివర్లో సంబంధిత వర్గాలన్నిటితో సమావేశం పెట్టాలనుకుంటున్నాం. ఎవరెవరిని పిలవమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ‘చివర్లో’ అన్నది. తయారీ పద్ధతి, పొడి గుణాలు, వాడకం అన్నీ ఖరారయ్యాక వచ్చినవారు మెచ్చుకుని వెళ్లిపోవడం తప్ప చేయగలిగింది ఉండదు. తమ మాట వల్ల ఇంకా ఏదో ఒకటి మారే వీలున్నప్పుడే వాళ్లు మనసు విప్పి మాట్లాడతారు.

మీరు ఎంచుకున్న ముడిసరుకునే చూడండి. ఇలాంటి పొడినే పట్టుకుని నేను ఒకసారి ఒక బిస్కట్ల తయారీ కేంద్రానికి వెళ్లాను. పిండి కలిపే ఆయన వంటసోడా వేసి ముద్ద చేసి, కాల్చి, ఒక బిస్కట్‌ను విరిచి నా చేతిలో పెట్టారు. లోపలంతా నాచు రంగు. ఈ చెక్కలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం వంటసోడాలాంటి క్షారం తగిలినచోట ఆక్సీకరణం చెంది, ప్రోటీన్‌తో కలిసి ఆకుపచ్చ రంగునిస్తుందన్న సంగతి పుస్తకాల్లో ఉన్నదే, నాకూ తెలిసినదే. అయినా బిస్కట్‌లో సోడా ఉంటుందన్న ఆలోచన మా బృందంలో ఎవరికీ రాలేదు. ఆ తరువాత ఆయన పొడిని వేళ్ల మధ్య నలిపి, ఇది హాపర్‌లో, అంటే యంత్రంలోకి పిండి జారే గరాటులో, గూడు కట్టుకుంటుందని, కిందికి దిగదని చెప్పారు. రెండేళ్ల పనిలో మాకు ఎదురుకాని రెండు ప్రశ్నలు ఒక్క పూటలో ఎదురయ్యాయి. మీ నమూనాలు తీసుకున్న కంపెనీల్లో కొనుగోలు విభాగాన్ని కాక, యంత్రం దగ్గర నిలబడే మనిషిని కలవమని అందుకే చెబుతున్నాను.

ఆయనకంటే ముందు నూనె మిల్లువారిని కలవాలి. వాళ్ల దృష్టి నూనె దిగుబడి మీద ఉంటుంది. చెక్క వాళ్లకు పశువుల దాణా. నూనె తీయడానికి వాడిన ద్రావకాన్ని తొలగించడానికి ఎక్కువ వేడి చేస్తే ప్రోటీన్ కరిగే గుణం తగ్గుతుంది, పొట్టు సరిగా తీయకపోతే పీచు పెరుగుతుంది, దాణాగా నిల్వ చేసిన సరుకుకు మనుషుల ఆహారానికి కావలసిన శుభ్రత ఉండదు. ఈ మూడింటినీ మార్చుకోవడానికి మిల్లుకు ఏం గిట్టుబాటవుతుందో తేలకుండా మీ పొడికి ముడిసరుకే లేదని నా అభిప్రాయం.

తినేవారి సంగతికి వస్తే, సొంత విద్యార్థుల మెప్పు మీద ఆధారపడకండి. ఆఫ్రికాలో నారింజరంగు చిలగడదుంపలో విటమిన్ ఎ నిచ్చే బీటా కెరోటిన్ దండిగా ఉన్నా, తొలి రకాలు నీరుగా ఉండటంతో పిండిగా ఉండే దుంపకు అలవాటుపడిన పెద్దలకు రుచించలేదు. పరిశోధకులు ఆ అభ్యంతరాన్ని పట్టించుకుని, పొడి పదార్థం (నీరు పోగా మిగిలేది) ఎక్కువగా ఉండే రకాలను రూపొందించారు. 2016 ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నది ఆ కృషే. తీవ్ర పోషకాహార లోపానికి వాడే పాలపొడి మిశ్రమం విషయంలోనూ ఇంతే. దాన్ని శుభ్రమైన నీటిలో కలపాలి కనుక పిల్లలను కేంద్రాల్లోనే ఉంచవలసి వచ్చేది. 1990లలో ఫ్రాన్స్‌కు చెందిన పిల్లల పోషకాహార వైద్యుడు ఆంద్రే బ్రియాండ్, ఆహార తయారీదారు మిషెల్ లెస్కాన్ పాలపొడిలో కొంత భాగానికి బదులు వేరుశనగ ముద్దను చేర్చి, నీళ్లు అక్కర్లేని ప్లంపీనట్ అనే ఆహారాన్ని తయారుచేశారు. తల్లి ఇంట్లోనే తినిపించే వీలు కలిగింది. పోషక విలువల్లో పెద్ద తేడా లేదు, మారిందల్లా తినిపించే చోటును గురించిన ఆలోచన.

నియంత్రణ సంస్థను మాత్రం మొదటి నెలలోనే సంప్రదించండి. యూరోపియన్ యూనియన్‌లో 1997 మే 15కు ముందు చెప్పుకోదగినంతగా ఆహారంగా వాడకంలో లేని పదార్థానికి ముందస్తు అనుమతి కావాలి. మీరు అమ్మదలచిన దేశంలో మీ పొడి ఏ వర్గంలోకి వస్తుందో తెలిస్తేనే ఏ భద్రతా పరీక్షలు చేయాలో తేలుతుంది.

ప్రశ్న: ఇంత ముందుగా అందరితో మాట్లాడితే మా పద్ధతిని ఎవరైనా కాజేయరా?

జవాబు: ఈ భయం సహేతుకమైనదే. చాలా దేశాల్లో పేటెంట్ దరఖాస్తుకు ముందే పద్ధతిని బహిరంగపరిస్తే కొత్తదనం పోయినట్లే లెక్క; మీ పత్రాలు అచ్చయ్యాయన్నారు కనుక, అందులో ఏ మేరకు బయటపడిందో ముందుగా పేటెంట్ న్యాయవాదికి చూపించండి. మిగిలిన వివరాలకు గోప్యతా ఒప్పందం చాలు. అయితే మిల్లులో వేడి ఎంత పెడతారని, బిస్కట్ ముద్దలో సోడా వేస్తారా అని అడగడానికి మీ రహస్యం చెప్పనక్కరలేదు.