ఊళ్లను ఊపిరాడనివ్వని సరస్సు

ప్రశ్న: తుపాను గానీ భూకంపం గానీ రాకుండానే ఒక సరస్సు వల్ల ఒకే రాత్రి వందలాది మంది చనిపోయారని విన్నాను. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమే. ఆఫ్రికాలోని కామెరూన్‌లో, అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన న్యోస్ సరస్సు అది. భూగర్భం నుంచి ఊరే కార్బన్ డయాక్సైడ్, 200 మీటర్లకు పైగా లోతున్న ఆ సరస్సు అడుగున, పైనున్న నీటి ఒత్తిడికి బయటికి రాలేక ఏళ్ల తరబడి కరిగి పేరుకుపోయింది. 1986 ఆగస్టు 21 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో అడుగునీరు కదిలి, మూత తీసిన సోడా సీసాలా ఒక్కసారిగా పొంగింది. గాలికన్నా బరువైన ఆ వాయువు నేలను అంటిపెట్టుకుని లోయల వెంట పాకి, సుమారు 25 కిలోమీటర్ల దాకా ఊళ్లను కమ్మేయడంతో 1,700 మందికి పైగా మనుషులు, దాదాపు 3,500 పశువులు ఊపిరాడక చనిపోయారు. కొందరు నిద్రలో పోతే, మరికొందరు ఉన్నచోటనే కుప్పకూలారు. ఇళ్లు మాత్రం చెక్కు చెదరలేదు. ఈగలు కూడా చచ్చిపోవడంతో శవాల మీద వాలేందుకు ఒక్కటీ మిగల్లేదని, గంటల తరబడి స్పృహ తప్పి బతికి లేచినవారు చెప్పారు. మామూలుగా నీలంగా ఉండే సరస్సు, అడుగునుంచి పైకి వచ్చిన ఇనుము వల్ల తుప్పురంగుకు మారింది.

నిజానికి 1984లోనే అదే దేశంలోని మోనూన్ సరస్సు ఇలాగే 37 మందిని బలి తీసుకుంది. ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువే. న్యోస్ అడుగునుంచి వాయువును కొద్దికొద్దిగా వదిలించే శాశ్వత గొట్టం 2001లో గానీ రాలేదు.