గొంతు పెంచకు, లైటు వెయ్యి

చి.ల.సౌ. సుమతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారు "వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియట్లేదు" అంటున్నారని రాశావు. దాన్ని చాదస్తం కింద కొట్టిపారెయ్యకమ్మా. డెబ్బై దాటిన మనిషి తన ఇబ్బందిని అంతకంటే కచ్చితంగా చెప్పలేదు. చప్పుడు చేరుతోంది, మాట చేరట్లేదు. నువ్వు గొంతు చించుకున్నావు, టీవీ సౌండు పెంచావు, ఏదీ పనిచెయ్యలేదు. ఎందుకో ముందు తెలుసుకుంటే చెయ్యాల్సినవి నీకే తడతాయి.

మాట వినడంలో కంటికీ వాటా ఉంది. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు, "గ" అంటున్న పెదాల బొమ్మకి "బ" అన్న గొంతు అతికించి చూపిస్తే, చాలామందికి "డ" అని వినపడింది. కళ్లు మూసుకుంటే మళ్లీ "బ"యే. మనకి తెలియకుండానే మెదడు ఈ రెంటినీ కలిపేస్తుంది.

మన భాషలోనే చూడు. పాలు, తాలు, కాలు. ఫ్యాను తిరిగే గదిలో, సన్నటి శబ్దాలు తగ్గిపోయిన చెవికి ఈ మూడూ ఇంచుమించు ఒక్కటే. ప, త, క అక్షరాలని విడదీసే శబ్దం బలహీనమైనది, రెప్పపాటు కూడా ఉండదు. వయసుతో ముందు పోయేవి అలాంటివే. కానీ మొహం కనపడితే "పాలు" అన్నప్పుడు పెదాలు మూసుకోవడం తెలుస్తుంది, కాలు కాదని తేలిపోతుంది. ఇప్పుడు అద్దం ముందు నిలబడి, గొంతు రాకుండా పాలు, బాలు, మాలు అని చూసుకో. పెదాల్లో తేడా ఉండదు. అక్కడ చెవే దిక్కు, ఆ తేడాని ముసలి చెవి కూడా చాలావరకు పట్టుకోగలదు. ఒకదానికి అందనిది రెండోది అందిస్తుందన్నమాట.

ఇక వయసు చేసే మార్పు. బొమ్మా చప్పుడూ ఒకేసారి రావు. చెరువు అవతలి గట్టున బట్టలు బాదుతుంటే చెయ్యి పైకి లేచాక దెబ్బ వినపడుతుంది కదా. 34 మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు ఆలస్యం. అందుకే మెదడు కొంత గడువు పెట్టుకుంటుంది. ఆ గడువులోపు వచ్చిన బొమ్మనీ చప్పుడునీ ఒకే చోట నుంచి వచ్చాయని ముడేస్తుంది. వయసులో ఉన్నవాళ్లకి అది సుమారు పావు సెకను. పెద్దయ్యేకొద్దీ సాగుతుంది. దాంతో సంబంధం లేనివి కూడా ముడిపడిపోతాయి. తెర మీద ఒక్క మెరుపు చూపిస్తూ రెండు బీప్‌లు వినిపిస్తే, రెండు మెరుపులు చూశామంటారు. పెద్దవాళ్లయితే బీప్‌ల మధ్య ఎడం పెంచినా అదే అంటారు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్లు 2011లో చూస్తే, తరచూ పడిపోయే వృద్ధుల్లో ఈ పొరపాటు ఇంకా ఎక్కువగా ఉంది.

కాబట్టి నీ పని రెండు ముక్కలు: మాటకి తగిన మొహాన్ని చూపించడం, మాటతో సంబంధం లేని చప్పుళ్లనీ బొమ్మల్నీ తప్పించడం.

ముందు ఆవిడ కుర్చీ సంగతి. కిటికీకి ఎదురుగా కూర్చుంటే, ఎవరొచ్చి మాట్లాడినా వెలుగు వాళ్ల వీపు వెనకనుంచి వస్తుంది, మొహం నల్లటి నీడలా ఉంటుంది. కుర్చీ తిప్పి కిటికీ ఆవిడ వెనక్కో పక్కకో వచ్చేలా వెయ్యి. సాయంత్రమైతే మాట్లాడేవాళ్ల మొహం మీద లైటు పడాలి. మూడు నుంచి ఐదడుగుల దూరంలో, ఆవిడ కళ్ల ఎత్తులో కూర్చుని మాట్లాడు. దూరం రెట్టింపైతే చెవికి చేరేది ఆరు డెసిబెల్స్ దాకా పడిపోతుంది, పెదాలూ చిన్నవైపోతాయి. వంటింట్లోంచి కేకేసి అడిగితే జవాబు రాదు, వచ్చినా వేరే ప్రశ్నకి వస్తుంది.

అరవకు. అరిచినప్పుడు అచ్చులు పెరిగినంతగా హల్లులు పెరగవు, పైగా పెదాలు వాటి ఆకారం కోల్పోతాయి. మామూలు గొంతు కంటే ఒక్క పిసరు పైన, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగుతూ మాట్లాడు. ముందు విషయం చెప్పు: "అత్తయ్యా, మందుల సంగతి" అని ఆగి, ఆవిడ నీ వైపు చూశాక మిగతాది. ఒకసారి అందకపోతే అదే మాటని మూడుసార్లు అనకు, మాట మార్చు. "పాలు ఉన్నాయా" అందకపోతే "పాల ప్యాకెట్టు ఫ్రిజ్‌లో ఉందా" అను. మందుల వేళలు, డబ్బు లెక్కలు కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చెయ్, అక్కడ మాటతో కుస్తీ అనవసరం. మీ ఆయన పెదాల మీదకి దిగిన మీసాన్ని కాస్త కత్తిరించుకోమను. నవ్వకు, ఆ మీసం కింద ప, బ, మ మూడూ మాయమైపోతాయి.

మాట్లాడేటప్పుడు టీవీ సౌండు తగ్గిస్తే చాలదు, కట్టెయ్యి. సౌండు లేకపోయినా కదిలే బొమ్మ ఆవిడ చూపుని లాగేస్తుంది. మిక్సీ, కుక్కరు విజిల్ అయ్యేదాకా ఆగు.

నువ్వు టీవీకి కొన్న బ్లూటూత్ స్పీకరు సంగతికొస్తాను, నా అనుమానం దాని మీదే. బ్లూటూత్‌లో శబ్దం సుమారు 100 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకొచ్చినా జనం కనిపెడతారని ప్రసారాల అంతర్జాతీయ ప్రమాణాలు లెక్కగట్టాయి. గడువు సాగిన మీ అత్తగారు ఆ తేడాని పసిగట్టలేకపోవచ్చు. ఆవిడ చెప్పలేదు కదా అనుకోకుండా నువ్వే చూడు. వార్తలు పెట్టి చదివే మనిషి పెదాల్నే గమనించు. "మ" వచ్చినచోట పెదాలు మూసి ఉండగానే ఆ శబ్దం వినపడాలి. పెదాలు విడిపోయాక వినపడిందంటే శబ్దం వెనకబడినట్టే.

అలా ఉంటే స్పీకరుని టీవీకి వైరుతో కలుపు, ఆక్స్ వైరయినా హెచ్‌డీఎంఐ ఆర్క్ వైరయినా సరే. చాలామంది టీవీ సెట్టింగుల్లో "ఆడియో డిలే" అని కనపడగానే పెంచేస్తారు. అది శబ్దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. బొమ్మ వెనకబడినప్పుడే అది పనికొస్తుంది. నీ విషయంలో సున్నాలో పెట్టు. ఆవిడ చూసే హిందీ డబ్బింగ్ సీరియళ్లకి మాత్రం ఏ సెట్టింగూ మందు కాదు, పెదాలు ఒక భాష, గొంతు ఇంకో భాష. తెలుగులోనే తీసినవి పెట్టు, అలసట తగ్గుతుంది. అమెరికాలో ఉన్న మనవడి వీడియో కాల్‌కీ ఇదే మాట. మొహానికి ఎదురుగా లైటు పెట్టుకోమను. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వీడియో కట్టేసి మాట మాత్రం ఉంచమను, తప్పుడు పెదాల కంటే పెదాలు లేకపోవడమే నయం.

నడిచేటప్పుడు ఆవిడని వెనకనుంచి పిలవకు, మెట్ల మీద అసలే వద్దు. ఏదైనా అడగ్గానే నడక ఆపేసే వృద్ధులు తర్వాతి ఆరు నెలల్లో పడిపోవడం ఎక్కువని 1997లోనే స్వీడన్‌లో గమనించారు. రెండు పవర్ల కళ్లద్దాల కింది భాగం పుస్తకం చదివే దూరానికి చేసింది, అందులోంచి కిందకి చూస్తే మెట్టు అంచు అలుక్కుపోతుంది. బయటికీ మెట్లకీ దూరపు చూపు అద్దాలు విడిగా చేయించు. ప్రతి మెట్టు అంచుకీ రెండంగుళాల పసుపు టేపు అంటించు.

పరీక్షల్లో వరస ఇదీ. ముందు చెవిలో గులిమి చూపించు. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టనివ్వకు, లోపలికి తోసేస్తాయి. తర్వాత ఆడియోగ్రామ్, అంటే ఏ చెవికి ఏ శబ్దం ఎంతలో వినపడుతుందో గీత గీసి చూపే పరీక్ష. దానితోపాటే మాటలు గుర్తుపట్టే పరీక్ష కూడా చెయ్యమని అడుగు, ఆవిడ ఇబ్బంది బయటపడేది అందులోనే. అదే వారంలో కంటి పరీక్ష, శుక్లం ఉందేమో చూడాలి. మసక కన్ను ఉన్నన్నాళ్లూ ఎంత ఖరీదైన వినికిడి మిషన్ అయినా సగం పనే చేస్తుంది. మీ పనిమనిషి వాళ్లమ్మ గురించి కూడా అడిగావు. 60 దాటిన పేదవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కళ్లద్దాలూ వినికిడి మిషన్లూ ఉచితంగా ఇస్తారు. 2017లో ఆ పథకం మన నెల్లూరులోనే మొదలైంది.

ఒక్కటి మాత్రం ఆలస్యం చెయ్యకు. ఒక చెవి ఉన్నట్టుండి వినపడ్డం మానేస్తే, గులిమేలే అని ఊరుకోకుండా ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. మందు బాగా పనిచేసేది మొదటి కొద్ది రోజుల్లోనే.

ఆడియోగ్రామ్ వచ్చాక ఫోటో తీసి పంపు. రెండు చెవుల గీతలూ, అడుగున ఉండే మాటల పరీక్ష శాతాలూ కనపడేలా తియ్యి.

పెద్దమ్మ